బిల్డ్ సర్వర్లలో డిస్కు నిండకుండా: కాష్‌కు హద్దు ముందే గీయాలి
సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే పనిని బిల్డ్ అంటారు. ఆ పని చేసే బిల్డ్ సర్వర్‌లో డిస్కు నిండినప్పుడల్లా ఎవరో ఒకరు లాగిన్ అయి, పెద్దగా కనిపించిన ఫోల్డర్లను తొలగించి, ఆగిపోయిన బిల్డ్‌లను మళ్లీ నడపడం చాలా చోట్ల ఆనవాయితీ అయిపోయింది. పెద్ద డిస్కు పెట్టినా ఆ రోజు కాస్త ఆలస్యంగా వస్తుందంతే. మళ్లీ వాడుకోవడానికి దాచే ఫైళ్లు (కాష్) సహా ప్రతి బిల్డ్ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. రాసినదాన్ని ఎప్పుడు తీసివేయాలో తేల్చే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించి ఉండదు.

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే మావెన్ తాను దించుకున్న లైబ్రరీలను తనంతట తాను తొలగించదు. ప్రోగ్రాములను ఇమేజీలనే ప్యాకేజీలుగా కట్టి నడిపే డాకర్‌లో, అక్కరలేనివాటిని తొలగించే ప్రూన్ ఆదేశాన్ని అదనపు ఆప్షన్లు లేకుండా ఇస్తే, ట్యాగ్ (పేరు గుర్తు) ఉన్న పాత ఇమేజీలు అలాగే మిగిలిపోతాయి. సీ, సీ++ కోడ్ కంపైల్ ఫలితాలను దాచిపెట్టే సీక్యాష్ తీరు వేరు: ముందే పెట్టిన గరిష్ఠ పరిమాణం (మనం మార్చకపోతే 5 జీబీ) దాటగానే, చాలాకాలంగా వాడని ఫైళ్లను అదే తీసివేస్తుంది. ఇలాంటి ఇమేజీలను అనేక యంత్రాలపై నడిపే కుబర్నెటిస్‌లో ఒక్కో యంత్రాన్ని చూసుకునే క్యూబ్‌లెట్ కూడా, డిఫాల్ట్ అమరికలో, డిస్కు వాడకం 85 శాతం దాటితే వాడుకలో లేని ఇమేజీలను తొలగించడం మొదలుపెట్టి, 80 శాతానికి దిగాక ఆపుతుంది. రాసే సాధనమే తన హద్దును తాను కాచుకునే ఈ పద్ధతిని మిగతా సాధనాలకూ మనమే అమర్చాలన్నది నా అభిప్రాయం.

రాత్రిపూట క్రాన్ జాబ్‌తో (నిర్ణీత వేళకు దానంతటదే నడిచే పనితో) పాత ఫైళ్లను తుడిచేయడం దీనికి ప్రత్యామ్నాయం కాలేదు. అది సాధారణంగా ఫైలు వయసును చూస్తుంది గాని వాడకాన్ని చూడదు. నెలల కిందట దించిన బేస్ ఇమేజ్ (మిగతా ఇమేజీలకు పునాది) ప్రతి బిల్డ్‌కూ అవసరం కావచ్చు, నిన్నటి వర్క్‌స్పేస్ (బిల్డ్ జరిగిన ఫోల్డర్) ఎవరికీ అక్కరలేకపోవచ్చు. పైగా, నడుస్తున్న బిల్డ్‌కు కావలసిన ఫైలు మధ్యలో మాయమైతే వచ్చే లోపాన్ని పట్టుకోవడం, డిస్కు నిండిందన్న లోపాన్ని పట్టుకోవడం కంటే కష్టం.

‘చోటు లేదు’ అన్న సందేశాన్ని కూడా ఉన్నదున్నట్టు నమ్మకూడదు. లినక్స్‌లో ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలను ఉంచే రికార్డులు) అయిపోయినా అదే సందేశం వస్తుంది. లక్షలాది చిన్న ఫైళ్లను పరిచే నోడ్.జేఎస్ (జావాస్క్రిప్ట్) ప్యాకేజీలున్న చోట గిగాబైట్లు ఖాళీగా కనిపిస్తూనే బిల్డ్ ఆగిపోవచ్చు. తొలగించిన లాగ్ ఫైలును ఏదైనా ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచితే, అది మూసేదాకా ఆ చోటు తిరిగి రాదు. అందుచేత హెచ్చరిక వ్యవస్థ బైట్లతోపాటు ఐనోడ్‌లనూ గమనించాలి. బిల్డ్‌లను నడిపించే జెంకిన్స్ సాధారణంగా ఖాళీ 1 జీబీ కంటే తగ్గినప్పుడు నోడ్‌ను (బిల్డ్ నడిపే యంత్రాన్ని) పక్కన పెడుతుంది. పెద్ద ప్రాజెక్టుకు అది బాగా ఆలస్యమైన ఘడియ.

ప్రతి బిల్డ్‌కూ కొత్త యంత్రాన్ని సృష్టించి, పని ముగియగానే రద్దు చేస్తే వర్క్‌స్పేస్ చెత్త బెడద తీరుతుంది. అయితే అప్పుడు కాష్ నెట్‌వర్క్‌లోని ఉమ్మడి నిల్వకు తరలుతుంది. అక్కడా హద్దు పెట్టకపోతే, నిండిన రోజున ఒక యంత్రానికి బదులు అన్ని బృందాల బిల్డ్‌లూ ఒకేసారి ఇబ్బందిలో పడతాయి.