నీళ్లలో ముంచి చూపిస్తారు.. చార్జింగ్ మాట దాటేస్తారు

వానాకాలం వచ్చిందంటే మొబైల్ రిపేర్ షాపుల్లో రోజూ ఇదే కథ. "అన్నా, వాటర్‌ప్రూఫ్ అని చెప్తే కొన్నా. వానలో తడిసింది, అయినా బాగానే పనిచేసింది. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నా. పొద్దున్నుంచి చార్జింగ్ ఎక్కట్లేదు." షాపతను టార్చి వేసి చూస్తాడు. సీ టైప్ పిన్నుల మీద పచ్చగా చిలుము. వానకు తట్టుకున్న ఫోన్, తడి ఆరకముందే ఎక్కించిన కరెంటుకు పోయింది. కొనేటప్పుడు ఈ సంగతి చెప్పిన వాళ్లు ఒక్కరూ లేరు.

ఈ తప్పు జనం మీద నెట్టడాన్ని నేను ఒప్పుకోను. ప్రకటనలో ముంచి చూపించి, వారంటీ దగ్గరకొచ్చేసరికి చేతులు దులుపుకునే కంపెనీలదే ఈ తప్పు.

ఫోన్ దుమ్మునీ నీళ్లనీ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐపీ67, ఐపీ68 అనే రేటింగులు ఈపాటికి అందరికీ తెలిసినవే. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. ఐపీ68కి లోతెంతో కంపెనీయే చెప్పుకుంటుంది. ఇప్పుడు 20 వేల లోపు ఫోన్లకూ, జోరుగా కొట్టే వేడినీళ్ల ధారకు తట్టుకుంటుందనే ఐపీ69 ముద్ర పడుతోంది. ఇవన్నీ ల్యాబులో, కొత్త ఫోన్ మీద, మంచినీళ్లతో చేసే పరీక్షలు. నీళ్లు లోపలికి పోతాయా లేదా అన్నదే అక్కడ చూసేది. బయటికి తీశాక తడిగానే కేబుల్ పెడితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ అంకెల్లో జవాబు లేదు. జనం మాత్రం ఆ అంకెను చూసి ఇక ఏం చేసినా పర్లేదనుకుంటారు. అలా అనుకోవాలనే కదా ప్రకటన తీసింది!

అసలు పోర్టులో ఏం జరుగుతుందో చూద్దాం. ఫోన్ బాడీకి రబ్బరు సీలు, జిగురు ఉంటాయి కాబట్టి నీళ్లు లోపలి బోర్డు దాకా అంత తేలిగ్గా పోవు. కానీ చార్జింగ్ పోర్టు నోరు తెరిచి ఉన్న చిన్న గుంట. అందులో నీళ్లు నిలుస్తాయి. ఆ గుంటలోనే 24 పిన్నులు, ఒకదానికొకటి అర మిల్లీమీటరు దూరంలో ఉంటాయి. కరెంటు వచ్చే పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య ఉప్పు కలిసిన తడి ఉంటే అదే తీగలా పనిచేస్తుంది. పైనున్న పల్చటి బంగారు పూత తినుకుపోయి, కింద ఉన్న రాగి కరుగుతుంది. స్కూల్లో సైన్స్ టీచరు చూపించిన విద్యుద్విశ్లేషణే ఇది. రాగి చెంబుకు నెలల తరబడి పట్టే చిలుము ఇక్కడ ఒక్క రాత్రిలో పడుతుంది. చెమట, కొబ్బరినీళ్లు, విశాఖ బీచ్‌లో అల తగిలిన ఉప్పునీరు అయితే ఇంకా ఘోరం. నీరు ఆరినా ఉప్పు పోర్టులోనే మిగిలిపోతుంది.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. రెండు వైపులా సీ టైప్ ఉండే కేబుల్ అయితే, అవతల ఫోన్ ఉందని గుర్తించాకే చార్జర్ కరెంటు వదలాలి. అది సీ టైప్ ప్రమాణంలోనే ఉంది. పాత వెడల్పాటి యూఎస్‌బీ నుంచి సీ టైప్‌కి వచ్చే కేబుల్‌కి ఆ కాపలా లేదు. అడాప్టర్ స్విచ్ వేసి ఉంటే చాలు, కేబుల్ చివర 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఫోన్ తడిని పసిగట్టి చార్జింగ్ ఆపేసినా, ఆ పిన్నుల మీద వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. మన ఇళ్లల్లో, పవర్ బ్యాంకుల దగ్గర ఇంకా ఎక్కువగా కనిపించేది ఈ కేబులే.

ఇక ప్రాణాల సంగతి. ఫోన్‌లోకి వచ్చే ఆ కొద్ది వోల్టేజీ మామూలుగా మనిషిని చంపేది కాదు. భయం గోడ దగ్గరున్న 230 వోల్టులతో. మంచి చార్జర్‌లో ఆ 230కీ, మన చేతికొచ్చే 5కీ మధ్య ఇన్సులేషన్ గట్టిగా ఉంటుంది. నాసిరకం చార్జర్‌లో ఆ అడ్డు పేరుకే ఉంటుంది. అది దెబ్బతింటే గోడలోని కరెంటు కేబుల్ దాకా వచ్చేస్తుంది. ఒళ్లు తడిగా ఉంటే శరీరం దాన్ని అడ్డుకోలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు బాత్రూం దాకా లాగి, టబ్బులో కూర్చుని ఫోన్ వాడుతూ లండన్‌లోనూ టెక్సస్‌లోనూ మనుషులు చనిపోయారు. 2020 నుంచి పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా బాక్సులో చార్జర్ ఇవ్వడం మానేశాయి. దాంతో జనం కోఠిలోనో, బస్టాండు పక్కనో వంద రూపాయలకు దొరికింది కొంటున్నారు. మన దేశంలో చార్జర్లకు ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చార్జర్ మీద ఉండే ఆ రిజిస్ట్రేషన్ నంబర్ (ఆర్-నంబర్) అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. కొన్న దగ్గరే, డబ్బులిచ్చే ముందే చూసుకోండి.

కంపెనీల వైపు వాదన కూడా ఉంది. పోర్టులో తడి ఉంటే స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది, ఆరేదాకా ఆగమని సపోర్ట్ పేజీలో రాశాం, బియ్యం డబ్బాలో పెట్టొద్దని కూడా చెప్పాం, వినకపోతే మేమేం చేస్తాం అంటారు. అవి రాసిన మాట నిజమే. కానీ పోర్టు పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి 24 గంటలు పట్టొచ్చని యాపిల్ సపోర్ట్ పేజీయే చెబుతోంది. వానలో ఆర్డర్లు మోసే డెలివరీ కుర్రాడికి ఫోన్ ఆగితే ఆ రోజు కూలి ఆగినట్టే. ఒక రోజు ఆగమని అతనికి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? కొనే ముందు చెప్పాలి. వైర్‌లెస్ చార్జింగ్ ఉంటే పైన తుడుచుకుని ఎలాగో గడుపుకోవచ్చు. అతను కొనగలిగే ఫోన్లలో చాలావాటికి అదీ ఉండదు.

ఈ మాట అంటున్నది నేనొక్కడినే కాదు. ఆస్ట్రేలియాలో వినియోగదారుల కమిషన్ శామ్‌సంగ్‌ని ఇదే విషయం మీద కోర్టుకు ఈడ్చింది. 2016 నుంచి 2018 వరకు గెలాక్సీ ఫోన్లను ఈతకొలనులో, సముద్రంలో వాడొచ్చన్నట్టు ప్రకటనలు వేశారు. ఆ నీళ్లలో తడిసిన ఫోన్‌ని ఆరకముందే చార్జింగ్ పెడితే పోర్టు తుప్పు పట్టే ప్రమాదం ఉందని కంపెనీయే ఒప్పుకుంది. 2022 జూన్‌లో కోర్టు కోటీ 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఇటలీ అయితే 2020 నవంబరులో యాపిల్‌కి కోటి యూరోలు వడ్డించింది. నీళ్లను తట్టుకుంటుందని ప్రచారం చేస్తూ, నీళ్ల వల్ల పాడైతే వారంటీ లేదనడం మోసపూరితమని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది.

నిరుడు నాకూ ఇదే అనుభవమైంది. కొని ఏడాది కాని, ఐపీ68 ఉన్న ఫోన్. సర్వీస్ సెంటర్‌లో, తడి తగిలితే రంగు మారే లోపలి స్టిక్కర్ ఎర్రబడిందని చూపించి, "లిక్విడ్ డ్యామేజ్ సర్, వారంటీ రాదు" అన్నారు. బాక్సు మీద ముద్ర చూపించాను. "అది రెసిస్టెంట్ సర్, ప్రూఫ్ కాదు" అన్నాడు ఆ అబ్బాయి. అతని మీద నాకు కోపం లేదు. నీళ్లను కొంతవరకే తట్టుకోవడానికీ, అసలు నీరే చొరబడకపోవడానికీ ఉన్న ఆ తేడా చెప్పాల్సిన చోటు ప్రకటన, సర్వీస్ కౌంటర్ కాదు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికుంది. 2022 జూన్ మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. తప్పుదోవ పట్టించే మాటను కింద ఒక డిస్‌క్లెయిమర్ (షరతుల గమనిక) పెట్టి సరిదిద్దుకోవడం కుదరదు. ప్రకటన ఏ భాషలో ఉంటే డిస్‌క్లెయిమర్ కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. ఇప్పుడు టీవీ పెట్టి చూడండి. "తడిసినా టెన్షన్ లేదు" అన్న భరోసా తెలుగులో, పెద్ద గొంతుతో వస్తుంది. షరతులు మాత్రం అడుగున ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో రెండు సెకన్లు మెరిసి పోతాయి. ఫోన్లే కాదు, గీజర్ల నుంచి బీమా పాలసీల దాకా అంతా ఇదే తంతు. అమ్మేటప్పుడు మన భాష కావాలి. మన ప్రాణానికీ డబ్బుకీ సంబంధించిన హెచ్చరిక దగ్గరకొచ్చేసరికి మన భాష పనికిరాదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న రూలుతో నోటీసు ఇస్తే చాలు.

ఆ ప్రకటనలో హీరో ఫోన్‌ని నీళ్లలోంచి తీసి, విదిలించి, నవ్వుతూ చెవి దగ్గర పెట్టుకుంటాడు. అక్కడ ఇంకో ఐదు సెకన్లు పెంచమనండి. ఫోన్‌ని పోర్టు కిందికి వచ్చేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి, గాలి తగిలే చోట పెట్టి, "ఆరేదాకా కేబుల్ పెట్టకండి" అని తెలుగులో చెప్పమనండి.