ఎలిజబెత్ పేదింటి పిల్లా? ఎవరన్నారండీ!

వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అంటే పేదింటి పిల్ల ఎలిజబెత్, కోటీశ్వరుడు డార్సీని కట్టుకున్న కథట. ఆ రోజుల్లో డబ్బుంటే చాలు, పెద్దింటివాళ్లేనట. డార్సీ బంగళా చూశాకే ఎలిజబెత్ మనసు మారిందట. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా అందరూ ఫార్వర్డ్ చేసేవాళ్లే. 1813లో వచ్చిన ఆ నవలలో జేన్ ఆస్టిన్ ఎవరి రాబడి ఎంతో అంకెలతో సహా రాసిపెట్టింది. తిరగేస్తే సరిపోయేది.

పేదరికం సంగతి. ఎలిజబెత్ తండ్రి బెన్నెట్‌కి లాంగ్‌బోర్న్ ఎస్టేటు మీద ఏటా 2,000 పౌన్లు వస్తాయి. ఇంట్లో బట్లరు, వంటమనిషి, గుర్రపు బండి. భోజనాల దగ్గర, చుట్టపుచూపుగా వచ్చిన తండ్రివైపు బంధువు కాలిన్స్ ‘ఈ వంట మీ అమ్మాయిల్లో ఎవరిది?’ అంటే, మా పిల్లలకి వంటింట్లో పనేమిటని తల్లి కస్సుమంటుంది. వాళ్లకి లోటు ఇవాళ కాదు, రేపు. ఎస్టేటు మగవారసుడికే దక్కాలి; మగపిల్లాడు లేడు కనుక తండ్రి తర్వాత అది ఆ కాలిన్స్‌కే పోతుంది. ఎలిజబెత్‌కి మిగిలేది తల్లి తదనంతరం 1,000 పౌన్లు, 4 శాతం వడ్డీకి. అంటే ఏడాదికి 40. పెళ్లి చేసుకోమని అడుగుతూ ఈ లెక్క ఆమె మొహం మీదే చెబుతాడు కాలిన్స్, అదీ ఆయనగారి సరసం! కొడుకు పుడతాడన్న ధీమాతో పైసా వెనకెయ్యని తండ్రిని మాత్రం పోస్టులో ఎవరూ ఏమీ అనలేదు.

డబ్బుంటే చాలన్నదీ తప్పే. డార్సీ స్నేహితుడు బింగ్లీకి తండ్రి వదిలింది దాదాపు లక్ష పౌన్లు. అయితే అది వ్యాపారపు సొమ్ము, సొంత భూమి లేదు, ఉంటున్న నెదర్‌ఫీల్డ్ బంగళా అద్దెది. పూర్ణా మార్కెట్ షావుకారు ఎంత గడించినా జమీందారు పక్కన షావుకారుగానే ఉండిపోయినట్టు. తలా 20,000 పౌన్లున్న బింగ్లీ అక్కచెల్లెళ్లేమో, లండన్‌లో వ్యాపారం చేసే ఎలిజబెత్ మేనమామ మాటెత్తి పకపకా నవ్వుతారు. డార్సీని చేసుకోవద్దని చెప్పడానికి వచ్చిన అతని తల్లి తోబుట్టువు లేడీ కేథరిన్‌తో, ‘అతను జెంటిల్మన్ (భూవసతి ఉన్న పెద్దింటివాడు), నేను జెంటిల్మన్ కూతుర్ని’ అని ఎలిజబెత్ అంటే ఆవిడ కాదనలేకపోయింది. మీ అమ్మ ఎవరు, మేనమామలెవరు అంటూ తల్లివైపుకి తిరిగింది.

ఇక బంగళా. డార్సీకి ఏటా 10,000 అన్న మాట, అతను డాన్సు హాల్లో అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే హాలంతా పాకింది. అది తెలిసే, అతను మొదటిసారి పెళ్లికి అడిగితే ఎలిజబెత్ పొమ్మంది. అతని బంగళా పెంబర్లీ చూశాక ‘దీనికి యజమానురాలినై ఉంటే’ అనుకోలేదా అంటే, అనుకుంది. కానీ ఆమెని కదిపింది ఇల్లు చూసుకునే రేనాల్డ్స్ మాట: డార్సీని అతని నాలుగేళ్ల వయసు నుంచి చూస్తున్నాను, నన్ను ఒక్క కటువు మాట అనలేదని. ఆపైన డార్సీ ఆ వ్యాపారి మేనమామనే మా ఏట్లో చేపలు పట్టుకోండని పిలిచాడు.

జీవనం చూసుకుని పెళ్లాడిన మనిషి కూడా నవలలో ఉంది, ఎలిజబెత్ స్నేహితురాలు షార్లట్ లూకస్. 27 ఏళ్లు, చేతిలో ఏమీ లేదు, కాలిన్స్‌ని తెలిసే ఒప్పుకుంది. పోస్టులో ఆమె ఊసే లేదు.