తాత్కాలికం పేరుతో కాలిబాటను మింగొద్దు

నగర శివార్లలో పెరిగిన చిన్న పట్టణాల పాలకులకు ఒక చెడ్డ అలవాటు ఉంది. వాహనాలు పెరిగి సాయంత్రం పూట జంక్షన్ జామ్ కాగానే వాళ్ల కన్ను ముందుగా కాలిబాట మీద పడుతుంది. అటు ఇళ్ల ప్రహరీలు జరపలేరు, ఇటు కార్లు తగ్గించుకోమని ఎవరికీ చెప్పలేరు, కాబట్టి గట్టిగా అడిగే దిక్కు లేదనుకున్న ఆ రెండు మీటర్ల జాగాను లాగేసుకుంటారు. కొంత పార్కింగ్‌కి, కొంత రోడ్డుకి కలిపేసి ‘తాత్కాలిక ఏర్పాటు’ అని తీర్మానంలో రాసుకుంటారు. ఈ పద్ధతిని మేం పూర్తిగా వ్యతిరేకిస్తున్నాం.

ఒక్క వీధితో పోయేదైతే ఇంత కోపం రాదు. ఒక వీధిలో కాలిబాటను కార్లకు ఇచ్చారంటే రేపు పక్క వీధి వాళ్లు అదే తీర్మానం చూపించి మాకూ కావాలంటారు, ఎల్లుండి బడి ముందున్న బాట అడుగుతారు, వాళ్లకు కుదరదని చెప్పడానికి కౌన్సిల్ దగ్గర ఏ కారణమూ మిగలదు. మొదటిది ఇచ్చేటప్పుడే కారణం అడగలేదు మరి. ఇలా తీసుకున్న బాటను తిరిగి జనానికి అప్పగించిన కౌన్సిళ్లు ఎన్ని ఉన్నాయో పాఠకులే ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇంటికి చేరేసరికి ప్రాణం పోతోందని, అంబులెన్స్‌కి కూడా దారి దొరకడం లేదని అంటున్నవాళ్ల బాధ నిజమే, కాదనం. కానీ రోడ్డు వెడల్పు చేస్తే ఆ బాధ తీరదు. కొత్తగా ఖాళీ కనిపించగానే అప్పటిదాకా వేరే దారిలోనో వేరే సమయంలోనో వెళ్తున్న వాళ్లంతా ఇటే వస్తారు, రోడ్డు మళ్లీ నిండుతుంది. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ ఈ మాట 1962లోనే చెప్పారు. రోడ్డు నిండాక కౌన్సిల్ ఏం చేస్తుంది? అవతలి వైపు కాలిబాట ఇంకా మిగిలే ఉంటుంది కదా!

బస్సు సంగతి ఎవరూ మాట్లాడరు. బస్సెక్కే ప్రతి మనిషీ ముందు స్టాప్ దాకా నడవాలి, దిగాక మళ్లీ ఇంటిదాకా నడవాలి. ఆ నడిచే దారి తీసేస్తే చీకటి పడ్డాక ఆడవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, బిడ్డను ఎత్తుకున్న తల్లులు బస్సు మానేసి ఏదో ఒక బండి చూసుకుంటారు, ఎక్కేవాళ్లు లేరని బస్సుల ట్రిప్పులు తగ్గిస్తారు, దాంతో రోడ్డు మీద బండ్లు ఇంకా పెరుగుతాయి. ఇక వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకైతే బాట మధ్యలో ఒక్క కారు ఆగి ఉన్నా దారి మూసుకుపోయినట్టే. వాళ్లు దిగి, పక్కనుంచి తప్పుకుని పోలేరు.

ప్రాణాల లెక్క కూడా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో ఏటా 11 లక్షల మందికి పైగా చనిపోతున్నారని, అందులో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల మీద, మోటార్ సైకిళ్ల మీద వెళ్లేవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు కన్నా 50తో వచ్చే కారు దెబ్బలో శక్తి రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది. రోడ్డు వెడల్పయ్యాక డ్రైవర్ కాలు యాక్సిలరేటర్ మీద ఇంకాస్త గట్టిగానే పడుతుంది. సరిగ్గా అక్కడే, ఆ రోడ్డు అంచునే, బాట పోగొట్టుకున్న బడిపిల్లలు నడవాలి.

వేరే దారి లేదనే వాదన మేం ఒప్పుకోం. అమెరికాలోని న్యూజెర్సీలో 1929లో ర్యాడ్‌బర్న్ అనే శివారు కాలనీని ‘కార్ల కాలపు ఊరు’ అని చెప్పి మరీ కట్టారు, అయినా నడిచేవాళ్లకు విడిగా బాటలు వేశారు, రోడ్డు దాటడానికి కింద నుంచి దారి తవ్వారు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ నగరం పక్కన హౌటెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు ఊరి మధ్యలోంచి నేరుగా వెళ్లిపోతారు, కార్లు మాత్రం ఒక పేట నుంచి ఇంకో పేటకు పోవాలంటే బయటి రింగ్ రోడ్డు ఎక్కి చుట్టూ తిరిగి రావాలి. అక్కడ కూడా జనానికి కార్లున్నాయి. తేడా అల్లా ఎవరు చుట్టూ తిరగాలో ముందే తేల్చుకున్నారు. మన పాలకులు కూడా తేల్చుకున్నారు, నడిచే మనిషే తిరగాలని.

బాట ఇవ్వడం మొదలుపెడితే ఎక్కడ ఆపుతారో ఏ కౌన్సిలైనా ముందు చెప్పాలి. నిజంగా తాత్కాలికమే అయితే ఏ తేదీన తిరిగి ఇస్తారో, ఇవ్వకపోతే ఏ అధికారి జవాబు చెప్పాలో తీర్మానంలోనే రాయండి. అది రాయడానికి చెయ్యి రాకపోతే ‘తాత్కాలికం’ అన్న మాట కొట్టేసి, మీ ఊరి పిల్లలు, ముసలివాళ్లు నడిచే దారిని శాశ్వతంగా తీసుకుంటున్నామని రాసి, దాని కింద మీ సంతకాలు పెట్టండి. ఓట్లు అడగడానికి వచ్చినప్పుడు ఆ కాగితం కూడా వెంట తెచ్చుకోండి.