ఫోర్ రూల్ నోటుబుక్కు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫోర్ రూల్ నోటుబుక్కు గారి సముఖానికి,

ఎల్‌కేజీ చదువుతున్న ఒక పాప తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలం ప్రస్తుతానికి మీ వైపే కనిపిస్తోంది. మీకు ఖాకీరంగు అట్ట, దాని మీద పేరు చీటీ, ఆ పైన ప్లాస్టిక్ కవరు. మా పాపకి చూపుడువేలి మీద పెన్సిల్ నొక్కుకుపోయిన గుంట.

తమరు జూన్‌లో టై, బెల్టు, డైరీలతో పాటు ఒకే బిల్లులో మా ఇంటికి దయచేశారు. పైనొక ఎర్ర గీత, కిందొక ఎర్ర గీత, మధ్యలో రెండు నీలం గీతలు. ఆ నీలం గీతల సందులో నాలుగేళ్ళ పిల్ల చెయ్యి అటూ ఇటూ కదలకుండా నిలబడాలి. ముందు స్టాండింగ్ లైన్ అన్నారు, తర్వాత స్లీపింగ్ లైన్, ఆ తర్వాత స్లాంటింగ్ లైన్. స్లాంటింగ్ లైన్ చూడగానే మా పాప "జారుడుబల్ల!" అంది. అని ఊరుకోకుండా పై కొసన ఒక గుండ్రటి తల, రెండు పుల్లల చేతులు, గాలికి ఎగురుతున్న పిలక గీసింది. మర్నాడు ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో "నీట్‌గా రాయాలి" అని వచ్చింది. జారుతున్న పాపని పిలకతో సహా రబ్బరు పెట్టి చెరిపేశాం. కాయితం కొంచెం చిరిగింది. అందుకు మాత్రం మీకు క్షమాపణలు.

మీరు రాకముందు మా ఇంట్లో సాయంత్రాలు ఎంత అస్తవ్యస్తంగా ఉండేవో చెప్తే మీకే జాలేస్తుంది. మా అమ్మ, అంటే పాపకి నాన్నమ్మ, ఏడు చేపల కథ చెప్పేది. రాజుగారు, ఏడుగురు కొడుకులు, వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. ఇక అక్కణ్ణుంచి విచారణే. చేప గడ్డిమోపు మీద చెప్తుంది, గడ్డి ఆవు మీద చెప్తుంది, ఆవు తనని మేపాల్సినవాడి మీద, వాడు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పాప మీద, పాప కుట్టిన చీమ మీద. చివరికి చీమ ఒక్కతే ఎవరి మీదా చెప్పకుండా, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఎదురు తిరుగుతుంది. (మన ప్రభుత్వాఫీసుల్లో ఫైలు తిరిగే పద్ధతి ఇంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేదు. కాకపోతే అక్కడ చీమ దొరకదు.)

ఈ కథలో మీకు పనికొచ్చేది ఏమీ లేదని నాకు తెలుసు. ఎక్కడా పెన్సిల్ పట్టుకోనక్కర్లేదు. అయితే నాన్నమ్మ కావాలనే ఒకసారి గడ్డిమోపుని వదిలేసి చేప నుంచి తిన్నగా ఆవు దగ్గరికి వెళ్ళిపోతుంది. పాప నోట్లో ముద్ద ఉంచుకునే "గడ్డి మర్చిపోయావు నాన్నమ్మా!" అని పట్టేస్తుంది. అంటే ఆరేడు మెట్ల వరస మొత్తం తలలో ఉంది. ఒక్కొక్క దానికీ ఒక కారణం ఉంటుందని, ఆ కారణానికి ఇంకో కారణం ఉంటుందని తెలిసింది. "ఎందుకు" అని అడగడం వచ్చింది. చేపకి ఒక గొంతు, అవ్వకి ఒక గొంతు పెట్టడం వచ్చింది. ఒకరోజు "చీమది తప్పా, పాపది తప్పా?" అని అడిగి మా ఇద్దరికీ గొడవ కూడా పెట్టింది. ఇంత జరిగినా పాపం నాన్నమ్మ ఎక్కడా టిక్కు కొట్టలేదు, స్టార్ పెట్టలేదు, డైరీలో సంతకం అడగలేదు. అందుకే దాన్ని చదువు అనరు.

లెక్కల సంగతి చూడండి. గళ్ళ పుస్తకం గారు మీకు దగ్గర బంధువే అనుకుంటాను. అందులో మా పాప 1 నుంచి 50 వరకు రాస్తుంది. ఒక్క అంకె తేడా రాదు. మొన్న నేల మీద 7 చింతపిక్కలు పోసి ఎన్నమ్మా అన్నాను. నోరు గబగబా 9 దాకా వెళ్ళిపోయింది, వేలు మాత్రం ఇంకా ఐదో పిక్క మీదే ఉంది. ఒక అంకెకి ఒక పిక్క అన్న ముడి ఇంకా పడలేదన్నమాట. మన ఊళ్ళలో పిల్లలు వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుని కాళ్ళాగజ్జా ఆడేవారు. పాటలో ఒక్కో మాటకి ఒక్కో కాలు తడుతూ పోవాలి, మాట ఎక్కడ ఆగితే ఆ కాలు మడవాలి. ఒక కాలు దాటేస్తే పక్కవాళ్ళు ఊరుకోరు. ఆ ముడి పడేది అక్కడ. వామనగుంటల్లో 14 గుంటలకి పిక్కలు పంచుకుంటూ పోయినప్పుడు ఇంకాస్త బిగుసుకుంటుంది. అయినా ఆటలో వచ్చిన లెక్కకి గళ్ళెక్కడివి?

ఇక మణికట్టు విషయం. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడతాయి. చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికే పిల్లకి తొమ్మిది, పదేళ్ళు రావచ్చు. నాలుగేళ్ళకి పని ఇంకా సగంలో ఉంటుంది. ఈలోగా ఆ చేతికి కావాల్సింది పిండి పిసకడం, మట్టి తవ్వడం, అచ్చనగిల్లలు ఎగరేసి పట్టుకోవడం, బియ్యంలో వేళ్ళు పెట్టడం. కట్టడం పూర్తికాకుండానే మీరు గృహప్రవేశం పెట్టించారు. తొందర మీది కాదంటారా? అదీ నిజమే, ముహూర్తం పెట్టింది మేమే.

బియ్యం అంటే గుర్తొచ్చింది. బాసర వెళ్ళి సరస్వతి అమ్మవారి ముందు పాపకి అక్షరాభ్యాసం చేయించాం. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకుని దిద్దించారు. గీతలు లేవు, దిద్దుబాటు లేదు, తప్పు పోతే అరచేత్తో ఒక్కసారి తుడిస్తే సరి. పాప ఎంత సంబరపడిందో! ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి కూడా పిల్లల చేత గరుకు కాయితంతో చేసిన అక్షరాల మీద వేలితో దిద్దించింది, పెన్సిల్ సంగతి తర్వాత. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు మన పట్టణాల్లో ఆవిడ పేరు లేని వీధి కనబడదు. బోర్డు కింద నుంచి లోపలికి వెళ్తే బల్లల మీద వరసగా మీరే.

మీ వంశం తెలివి చూస్తే ముచ్చటేస్తుంది. ఫ్రోబెల్ అనే ఆయన 1837లో జర్మనీలో పిల్లల కోసం ఆటల బడి పెట్టాడు. మన కేజీలోని కిండర్‌గార్టెన్ అన్న పేరు దానిదే. చేతికి మొదట ఇచ్చింది ఊలుతో అల్లిన రంగురంగుల బంతులు. ఆ బడి నాస్తికత్వం, సోషలిజం నేర్పుతోందని అనుమానం వచ్చి ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు ప్రభుత్వం 1851లో నిషేధించింది. ఆయన మరుసటేడే పోయాడు, నిషేధం 1860 దాకా ఎత్తలేదు. అనుభవం లేని ప్రభుత్వం! మన దగ్గర ఎవరూ ఏదీ నిషేధించలేదు. కేజీ అన్న పేరు అలాగే ఉంచి, బంతుల చోట మిమ్మల్ని పెట్టారు. గేటు పక్క ఫ్లెక్సీ మీద "ప్లే వే మెథడ్" అని కూడా రాయించారు. బొమ్మలు లేవని ఎవరూ అనలేరు, ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. తాళం ప్రిన్సిపాల్ గారి దగ్గర ఉంటుంది. అడ్మిషన్ల సీజన్‌లో దుమ్ము కూడా దులుపుతారు.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒక వకీలు ఉండేవారు. వకాలతు వదిలేసి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టారు. రోజూ పిల్లలకి కథలు చెప్పడమే పెద్ద పనిగా పెట్టుకున్నారు. మీసాలున్న అమ్మ అని పిలిచేవారట ఆయన్ని. ఇవాళ ఆయన వచ్చి మా కాలనీ బడిలో ఉద్యోగం అడిగితే, డెమో క్లాసులో ఎన్ని పేజీలు పూర్తి చేయించారు సార్ అని అడుగుతారు.

కాగితాల మీద ప్రభుత్వ విధానం మీకు వ్యతిరేకంగానే ఉంది, కంగారు పడకండి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా పెట్టి, చదువు ఆటతో, కథతో సాగాలంది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఇంకో అడుగు ముందుకేసి, ఆరేళ్ళ లోపు పిల్లలకి పాఠ్యపుస్తకాలే పెట్టొద్దంది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, తోలుబొమ్మలు, పజిళ్ళు, కథల కార్డులతో జాదుయీ పిటారా అనే పెట్టె కూడా విడుదల చేశారు. మీకేం భయం? మీలో నాలుగు గీతలు తప్ప ఒక్క అక్షరం అచ్చు కాలేదు. మీరు పాఠ్యపుస్తకం కిందికి రానే రారు. ఎంత చక్కటి సందు!

ఇంతకీ మీరు ఎందుకు గెలిచారో నాకు తెలుసు. మీరు చదువు కాదు, రసీదు. టర్ముకి ఇంత అని కట్టిన తండ్రికి సాయంత్రం చూసుకోవడానికి ఏదో ఒకటి కావాలి. బడిలో మిస్ ముప్పై మంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పిందనుకోండి, పిల్ల బ్యాగులో ఏమొస్తుంది? ఖాళీ లంచ్ బాక్సు. "ఇవాళ ఏం చేశారమ్మా?" అంటే "కోతి ఏడ్చింది" అంటుంది. ఏ కోతి, ఎందుకు ఏడ్చింది అని అడిగే ఓపిక మాకు లేదు. అదే మీరైతే విప్పగానే పేజీ నిండా ఎఫ్ లు. లెక్క చూసుకోవచ్చు. పక్క ఫ్లాటు వాళ్ళ అబ్బాయి జి దాకా వచ్చాడా, హెచ్ దాకా వచ్చాడా పోల్చుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టొచ్చు. "వాళ్ళ బాబు కర్సివ్ కూడా మొదలుపెట్టాడట" అని రాత్రి టెన్షన్ పడొచ్చు. కథని ఫొటో తీయలేం కదా.

టీచర్లకి ఇది తెలియక కాదు. పాప వాళ్ళ మిస్ ఒకసారి గేటు దగ్గర గొంతు తగ్గించి చెప్పింది. మొదట్లో ఆవిడ క్లాసులో కొట్టు ఆట ఆడించేదట. గులకరాళ్ళు బెండకాయలు, ఆకులు నోట్లు. ఎప్పుడూ నోరు విప్పని ఒక బాబు కొట్టు యజమాని అయ్యాక "చిల్లర లేదు, రేపు రండి" అని గట్టిగా అరిచాడట. వాడి గొంతు ఆవిడ వినడం అదే మొదటిసారి. వారం తిరక్కుండా ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు, పిల్లలు ఆకులు జేబులో పెట్టుకొస్తున్నారు, నోటుబుక్కు మాత్రం ఖాళీగా వస్తోందని. కొట్టు మూసేశారు. "నాకూ ఉద్యోగం కావాలి కదా సార్" అంది. ఏమంటాం?

అందుకే నేను తమతో తగువు పెట్టుకోదలచుకోలేదు. రసీదు కావాలన్నప్పుడు రసీదే ఇద్దాం. శనివారం పీటీఎం, అదే తల్లిదండ్రులూ టీచర్ల మీటింగు, ఉంది. ఈలోగా మీ ఆఖరి పేజీలో, తమ అనుమతి లేకుండానే, స్కేలు పెట్టి ఒక పట్టిక గీశాను: తేదీ, చెప్పిన కథ, ఆడిన ఆట, చెప్పినవారి సంతకం, తండ్రి సంతకం. మిస్ ఇబ్బంది పడకుండా అందులో నా సంతకాలు ముందే పెట్టేశాను, నెలకి సరిపడా. మొదటి వరస ఇంటి నుంచే నింపాను. కథ: ఏడు చేపలు. ఆట: వామనగుంటలు. చెప్పినవారు: నాన్నమ్మ. సంతకం దగ్గరే వచ్చింది చిక్కు. పెన్ను ఇస్తే మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "కథకి సంతకమేంట్రా, నీ మొహం!" అంది. వేలిముద్రైనా వెయ్యమని బతిమాలుతున్నాను.

ఇట్లు,
రెండో టర్ము ఫీజు ఇంకా కట్టని ఒక తండ్రి