ఆరో కాగితం

(హైదరాబాదు. రాత్రి పదకొండున్నర. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ అనలిటికల్ ల్యాబ్‌లో పనిచేసే మూర్తి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా భార్య పద్మ. నల్ల సిరాలోని రంగులను విడదీసి చూపే స్కూలు ప్రాజెక్టు పొద్దున్నే ఇవ్వాల్సిన కొడుకు హాయిగా నిద్రపోతున్నాడు.)

పద్మ: ఒక నల్ల స్కెచ్ పెన్ చుక్క, ఒక ఫిల్టర్ కాగితం, గ్లాసులో కాసిని నీళ్లు. దీనికి ఇంత హంగామానా?

మూర్తి: కాగితం మీద ఈ గీత ఎవరు గీశారు? స్కెచ్ పెన్నుతోనా?

పద్మ: నేనే. స్కేలు పెట్టి మరీ గీశాను.

మూర్తి: చుక్కతో పాటు ఆ గీతా పైకి పాకుతుంది. పెన్సిలుతో గీయాలి. ఆరు కాగితాలు కత్తిరించు.

పద్మ: ఆరెందుకు? మనకున్నది ఒక్కడే కదా!

మూర్తి: ఒకసారి బాగా వస్తే అదృష్టం. ఆరుసార్లూ ఒకేలా వస్తేనే పద్ధతి. ల్యాబ్‌లోనూ ఒకే ద్రావణాన్ని యంత్రంలోకి ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి చూస్తాం.

పద్మ: అంటే పద్దెనిమిదేళ్లుగా మీరు చేస్తున్నది ఇదేనా? చుక్క ఎక్కడిదాకా పాకిందో చూడడమా?

మూర్తి: ఇదే. కాగితం బదులు 25 సెంటీమీటర్ల స్టీలు గొట్టం, దాని నిండా సిలికా పొడి. మందూ, దానిలోని మలినాలూ కలిసే లోపలికి వెళ్తాయి. పొడిని పట్టించుకోనిది ముందు బయటికొస్తుంది. అంటిపెట్టుకున్నది ఆలస్యంగా వస్తుంది.

పద్మ: మీ బాబాయిగారిలాగా. పండగకు వచ్చి పది రోజులైంది, ఇంకా గొట్టంలోనే ఉన్నారు.

మూర్తి: నెమ్మదిగా! పక్క గదిలోనే ఉన్నాడు.

పద్మ: త్వరగా బయటికి రావాలంటే ఏం చేస్తారు?

మూర్తి: గొట్టంలో పారే ద్రవంలో అసిటోనైట్రైల్ అనే ద్రావణి మోతాదు పెంచుతాం.

పద్మ: ఇంట్లో ఉందా?

మూర్తి: నీకు వేళాకోళంగా ఉంది. దీనికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టినవాడు త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త. 1906లో. సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో ఆకుల రంగులను విడదీశాడు. ఆయన ఇంటిపేరుకు రష్యన్‌లో అర్థమే రంగు!

పద్మ: మన ఇంటిపేరు ఉప్పులూరి. ఇవాళ చారులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మీరు రెండుసార్లు పోసుకున్నారు.

మూర్తి: నాలుకకేం తెలుస్తుంది? 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడింది. క్యాన్సర్ భయం. రోజుకు 96 నానోగ్రాములు మించకూడదన్నారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు! దాన్ని పట్టుకునే పద్ధతులు అప్పటికప్పుడు తయారు చేయాల్సి వచ్చింది.

పద్మ: ఆ ఏడాది దీపావళికి మీరు ఇంట్లో లేరు. అది ఏ యంత్రమూ లేకుండానే పట్టుకున్నాను.

(నల్లచుక్కలు నీలం, గులాబీ, పసుపు చారలుగా విడిపోయాయి. ఐదు కాగితాలు అచ్చుగుద్దినట్టున్నాయి. ఆరోదానిలో చారలు వంకర తిరిగాయి.)

పద్మ: దీన్ని పారేయండి.

మూర్తి: అమ్మో! తేడా వచ్చిందని పారేస్తే ల్యాబ్‌లో ఉద్యోగం ఊడుతుంది. కారణం రాసి పెట్టాలి. దీన్ని ఎవరు పట్టుకున్నారు?

పద్మ: నేనే. అప్పడాలు వేయించిన చేత్తో.

మూర్తి: అలాగే రాయి. కింద సంతకం పెట్టు. పన్నెండు దాటింది, నిన్నటి తేదీ వేయకు.

పద్మ: వాడి ప్రాజెక్టులో నా సంతకం ఉంటే టీచరుకు తెలిసిపోదూ?

మూర్తి: సంతకం ఉండేదే అందుకు.

(పక్క గదిలోంచి బాబాయి గొంతు: "అమ్మాయీ, అప్పడాలంటున్నారు, ఇంకా మిగిలాయా?")

పద్మ: (సంతకం చేస్తూ) ఏమండీ, ఆ అసిటోనైట్రైల్ లీటరు ఎంత?