సవరణ: పాలీహౌస్‌లో ఏ కూరగాయైనా పండుతుందా?

పాలీహౌస్ (పాలిథిన్ కప్పు వేసి, చుట్టూ వల కట్టిన సాగు షెడ్డు) లాభాలపై గత పోస్టులో ‘అందులో ఏ కూరగాయైనా పండించవచ్చు’ అన్న వాక్యం ఉంది. దాన్ని ‘తేనెటీగతో పని లేని ఏ కూరగాయైనా’ అని చదువుకోండి. గజపతినగరం వైపు బీర, ఆనప వేసే రైతులు పెట్టుబడి పెట్టేముందు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి.

చుట్టూ కట్టే సన్నకన్ను వల తెల్లదోమను అడ్డుకుంటుంది. టమాటాకు ఆకుముడుత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే కనుక మందుల ఖర్చు తగ్గుతుందని ఆ పోస్టులో రాసిన మాటలో మార్పు లేదు. కానీ అదే వల తేనెటీగనూ రానివ్వదు. టమాటా, క్యాప్సికం పువ్వుల్లో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పొద్దున్నే మొక్కను పాకించిన తాడును కాస్త కదిపితే పుప్పొడి రాలి కాయ నిలుస్తుంది. బీర, ఆనప, గుమ్మడికి ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిటికెన వేలంత పిందె ముందే కనిపిస్తుంది. పుప్పొడి అందకపోతే అది పసుపుబారి రాలిపోతుంది. బీరపువ్వు విచ్చేది సాయంత్రం. ఆ వేళ మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాలి. పెరట్లో నాలుగు పాదులకైతే సరే, అర ఎకరానికి ఎంతమంది కూలీలు కావాలో ఆలోచించండి! కీరదోసలో మాత్రం పరాగసంపర్కం లేకుండానే కాసే రకాలున్నాయి, విత్తనం కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

గత పోస్టులో రాసిన ‘వర్షం నుంచి రక్షణ’ అంటే తుపాను నుంచి రక్షణ అని కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిచెట్లనే కూల్చింది. పాలిథిన్ కప్పు అంతటి గాలికి ఆగదు.