బీరువా మీది రౌటరు

మా ఇంట్లో గదులకు వైఫై పంచే రౌటరును మార్చాలా, ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలా అనే ప్రశ్న మూడు వారాలుగా కుటుంబ పరిశీలనలో ఉంది. 2017లో కొన్న ఆ పెట్టె ముందుగదిలో ఇనుప బీరువా మీద, పాత సూట్‌కేసుకూ గోడకూ మధ్య కొలువై ఉన్నది. తీగ ఆ కిటికీలోంచి వచ్చింది కనుక అక్కడ పెట్టారు తప్ప ఇందులో వేరే శాస్త్రమేమీ లేదు. రెండు గోడల అవతల మా వాడి గదిలో పాఠం నిమిషానికోసారి ఆగి, తెర మీద సున్నా తిరుగుతూ ఉంటుంది. నేరం రౌటరుదేనని మేము ఏకగ్రీవంగా తీర్మానించాము. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మా అమ్మ అభిప్రాయపడింది గానీ, సాంకేతిక విషయాల్లో ఆమెకు ఓటు లేదు.

మా రౌటరు పాతదైపోయిందన్న అవమానానికి మూలం 2018 అక్టోబరులో ఉంది. అంతవరకు వైఫై సాంకేతిక ప్రమాణాలకు 802.11ఎన్, 802.11ఏసీ వంటి నోరు తిరగని పేర్లుండేవి కనుక, ఎవరింట్లో ఏది ఉన్నా ఎవరికీ చిన్నతనం అనిపించేది కాదు. వైఫై పరికరాల కంపెనీల సంఘమైన వైఫై అలయన్స్ వారు జనం సౌకర్యార్థం వాటికి వైఫై 4, 5, 6 అని అంకెలు వేశారు. 2024 జనవరిలో 7 కూడా వచ్చి చేరింది. నాది 5, ఎదురింటివారిది 7. లిఫ్టులో ఎదురుపడినప్పుడు ఆ రెండు మెట్ల తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది.

నిజానికి నా రౌటరు కూడా తక్కువదేమీ కాదు. దాని అట్టపెట్టె మీద వేగం 1200 ఎంబీపీఎస్, అంటే సెకనుకు అన్ని మెగాబిట్లు, అన్నట్టు 1200 అని ఉంది. అది వాడే రెండు రకాల రేడియో తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, రెండూ కూడితే 1167, ఆపైన కంపెనీవారి ఔదార్యం. బస్సు 60, లారీ 80 వేగంతో వెళుతున్నాయి కాబట్టి మనం గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బెజవాడ చేరతామని చెప్పే లెక్క ఇది. నేను నెలనెలా డబ్బు కట్టే ప్లాను 40 ఎంబీపీఎస్ మాత్రమే అన్న సంగతిని ఈ చర్చలోకి లాగడం మర్యాద కాదు.

ఇంతలో తీగ చూడటానికి వచ్చిన నెట్ కుర్రాడు వ్యవహారమంతా పాడుచేశాడు. ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటరుకు తగిలిస్తే 40 నిండుగా వచ్చింది. మా వాడి గదిలో 6 వచ్చింది. అప్పుడతడు రౌటరును దించి నడవలో స్టూలు మీద పెట్టగా అదే గదిలో 38 వచ్చింది. "ఇనుము పక్కన పెడితే సిగ్నల్ ఎలా వస్తుంది సార్? ఇక్కడే ఉంచెయ్యండి" అన్నాడు. పైసా ఖర్చు లేని పరిష్కారాన్ని ఒక గృహస్థుడి ముఖం మీద అలా చెప్పవచ్చునా? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని అడిగిన పెద్దలు, గొడ్డలి నెలవారీ వాయిదాల్లో దొరికే రోజులు చూడలేదు.

5 గిగాహెర్ట్జ్ తరంగం 2.4 కంటే గోడకు త్వరగా అలసిపోతుంది. కొత్త రౌటర్ల ప్రత్యేక ఆకర్షణ అయిన 6 గిగాహెర్ట్జ్ మరికాస్త సుకుమారం. అంటే తొమ్మిదంగుళాల ఇటుక గోడలున్న మా ఇంట్లో, ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆ భాగమే ముందుగా చతికిలబడుతుంది. ఈ వివరాన్ని నేను ఇంకా మా ఆవిడకు చెప్పలేదు.

పాతది మార్చడానికి గట్టి కారణం ఒకటుంది. కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపేసిన రౌటరు, తాళం తుప్పు పట్టిన వీధి తలుపుతో సమానం. మా మోడల్‌కు అవి ఇంకా వస్తున్నాయో లేదో మూడు వారాల చర్చలో ఎవరూ చూడలేదు. అందులో యాంటెన్నాల ప్రసక్తి లేదు కాబట్టి కావచ్చు.

నిన్న సాయంత్రం అమ్మ స్టూలు తిరిగి అడిగింది. పప్పు ఏరుకోవడానికి ఆమెకు వేరే పీట లేదట. కొత్త స్టూలుకు నాలుగు వందలవుతుందని తెలిసి, అంత దుబారా తగదని తోసిపుచ్చాము. రౌటరు మళ్ళీ బీరువా ఎక్కింది. ఆన్‌లైన్ తగ్గింపు శనివారం అర్ధరాత్రితో ముగుస్తుందంటున్నారు. అందాకా మా వాడు పుస్తకాలు, చాప తీసుకుని ముందుగదిలో బీరువా కింద కూర్చుని చదువుకుంటున్నాడు.